ఆకులు రాలిన కాలంలో తీసిన అరవై రెండు ఫొటోలు

పుస్తకాన్ని ఇంటికి తెచ్చింది కూతురే. ప్రింటింగ్ ప్రెస్సులో పేజీలు కూర్చే పని ఆమెది. ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచి నేరుగా వంటింట్లోకి వచ్చి, సంచిలోంచి దళసరి అట్ట పుస్తకం తీసి తల్లి ముందు పెట్టింది. అట్ట మీద వానలో తడిసిన దిరిసెన చెట్టు, పైన బంగారు రంగు అక్షరాల్లో "చెట్టు – నాలుగు కాలాలు", కింద రోడ్ల శాఖ ముద్ర.

తల్లి చేతులు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పింది. తొంభై ఆరు ఫొటోలు. తొంభై ఆరూ ఆమె తీసినవే. ఏ చెట్టు కోసం ఎంతసేపు ఎండలో నిలబడిందో, ఏ చెట్టు దగ్గర కాలికి ముల్లు దిగిందో పేజీ చూసి చెప్పగలదు. చివరి పేజీలో "ఛాయాచిత్రాలు" అన్న మాట కింద ఇంజనీరు గారి పేరు, ఆయన డిగ్రీలతో సహా ఉంది. పక్కనే మెడలో కెమెరా వేసుకుని నవ్వుతున్న ఆయన బొమ్మ. ఆ బొమ్మ తీసింది కూడా ఆమే. "ఒకటి తీసి పెట్టండమ్మా, ఎక్కడో ఇవ్వాలి" అని ఆయన అడిగితే, కెమెరా ఆయన మెడలో వేసి, ఆయన ఫోనుతోనే తీసింది.

"ఆ పేజీ నేనే కంపోజ్ చేశానమ్మా," అంది కూతురు. "పేరు కొడుతుంటే చేతులు రాలేదు. మా ఓనర్ని అడిగితే, కాపీలో ఎలా ఉంటే అలా కొట్టు, నీకెందుకన్నాడు."

"తప్పుల్లేకుండా కొట్టావా?"

"అమ్మా."

"ఏం చెయ్యమంటావే. కెమెరా ఆఫీసుది. ఫొటోలు ఆఫీసు కంప్యూటర్లో ఉన్నాయి. వాళ్లవి వాళ్లు వేసుకున్నారు."

సిటీ బస్సు నడిపే భర్త డ్యూటీ దిగి వచ్చి, పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నన్ను ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు. చెట్టై పుట్టినా ఏడాదికి నాలుగుసార్లు నా ముందు నిలబడేది," అన్నాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. "తొంభై ఆరు చెట్లు, ఒక మొద్దు. లెక్క సరిపోయింది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పుస్తకాన్ని అలమరలో బట్టల కింద పెట్టేసింది. మర్నాడు ఆఫీసులో ఇంజనీరు గారు ఎదురైతే ఎప్పటిలాగే నమస్కారం పెట్టింది. ఆయన ఎప్పటిలాగే తల ఊపాడు. కడుపులో పెట్టుకుంటే పోయే మాటే కదా అనుకుంది. పోలేదు. ఎలా పోలేదో చెప్పాలంటే ఆమె పని గురించి కొంచెం చెప్పాలి.

ఆఫీసులో ఆమెను పలకమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీ రాసేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏ రోడ్డు వెడల్పు చేయాలన్నా ముందు దాని అంచున ఉన్న ప్రతి చెట్టుకూ ఎర్ర రంగుతో నంబరు వేస్తారు. తర్వాత పలకమ్మ వెళ్తుంది. బడిపిల్లలు రాసుకునే పలక మీద సుద్దముక్కతో నంబరు రాసి, చెట్టుకు తాడుతో వేలాడదీసి, మూడు ఫొటోలు తీస్తుంది: నిలువెత్తు చెట్టు, టేపు చుట్టిన మొదలు, పైన కొమ్మలు. పద్నాలుగేళ్లుగా ఇదే పని. కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం ఇస్తారు, లేదా ఇవ్వరు.

కెమెరా ఆఫీసు బీరువాలో ఉంటుంది. బయటికి తీసుకెళ్లాలంటే రిజిస్టరులో సంతకం పడాలి, కాంట్రాక్టు మనిషి సంతకం అక్కడ చెల్లదు. అందుకని పొద్దున్నే ఇంజనీరు గారు సంతకం చేసేవాడు, పలకమ్మ కెమెరా భుజాన వేసుకుని వెళ్లేది. పద్నాలుగేళ్ల రిజిస్టరు తిరగేస్తే ఆయన రోజంతా ఎండలో చెట్ల వెంట తిరిగినట్టే ఉంటుంది. ఆయనకు ఎండ పడదన్న సంగతి రిజిస్టరుకి తెలీదు.

చిన్నప్పుడు మేనమామ స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీయడం నేర్చుకుంది పలకమ్మ. గడ్డం పైకెత్తండి, భుజాలు సమంగా పెట్టండి, రెప్ప వేయకండి. వెనక తెల్ల గుడ్డ, ముందు ముఖం, ఇంకేమీ ఉండకూడదు. ఆ అలవాటు చెట్ల దగ్గరికీ వచ్చింది. కరెంటు తీగ, గోడ మీద రాత, ఆరేసిన బట్టలు, మనుషులు – ఏవీ రానిచ్చేది కాదు. నేల మీద పడుకుని అయినా సరే, చెట్టు వెనక ఒట్టి ఆకాశం ఉండేలా చూసుకునేది. ఫొటోలో చెట్టు ఒక్కటే ఉండాలి. అది ఆమె గర్వం.

ఆఫీసు జీపులో సర్వేకి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం అధికారులు భోజనాలకు కూర్చుంటే ఆమె రెండు ముద్దలు మింగి చెట్లను వెతుక్కుంటూ పోయేది. కొండదారిలో మంచు దిగి మొదలు మాయమై, కొమ్మలు మాత్రమే గాల్లో తేలుతున్న చెట్టును తీసింది. సముద్రపు గాలికి ఒకే వైపు ఒరిగిపోయి, ఎవరో వెనక నుంచి పిలిస్తే ఆగిపోయినట్టున్న సరుగుడు చెట్లను తీసింది. కనుచూపు మేర పచ్చి గడ్డిపోచ లేని బీడులో ఒంటి తుమ్మను తీసింది. ఎక్కడ నిలబడి తీసిందో పాకెట్ నోటుబుక్కులో రాసుకునేది: "మైలురాయికి వీపు ఆనించి, కుడికి నాలుగు అడుగులు." మళ్లీ అదే చోటికి జీపు ఎప్పుడు వెళ్తే అప్పుడు, చిగురు కాలంలోనో, వానల్లోనో, ఆకు రాలాకో, అక్కడే నిలబడి అదే చెట్టును తీసేది. ఎవరూ తీయమనలేదు. ఇవన్నీ ఆఫీసు కెమెరాలోనే ఉండేవి, అక్కణ్ణుంచి ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్లేవి. ఇంజనీరు గారు ఒకరోజు చూసి, "బాగున్నాయే" అన్నాడు. ఆ ఒక్క మాటకు వారం రోజులు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆరేళ్ల కిందట వానల్లో ఒక ఫైలు పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. ఆకుల గుబురులో కొమ్మలు ఎన్నో, ఎటు వెళ్తున్నాయో తెలియడం లేదని రాశారు. ఇంజనీరు గారు తల పట్టుకున్నాడు. అప్పుడు పలకమ్మే చెప్పింది: "ఆకు రాలిన నెలల్లో తీద్దామండీ. కొమ్మ కొమ్మా లెక్కపెట్టుకోవచ్చు." ఆయన ముఖం వెలిగింది. రెండు వారాల్లో ఆ మాట ఆయన సంతకంతో సర్క్యులర్ అయి అన్ని సెక్షన్లకూ వెళ్లింది. తన తెలివి పనికొచ్చిందని పలకమ్మ ఇంట్లో గొప్పగా చెప్పుకుంది.

ఆ ఏడే ఇంకొకటి జరిగింది. పలక మీద నంబరు కింద తేదీ వేయడం ఆమెకు అలవాటు. కెమెరాలో గడియారం పాడైపోయింది, బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి పోయేది. సరి చేసీ సరి చేసీ విసుగొచ్చి వదిలేసింది, పలక మీద తేదీ ఉంటుంది కదా అని. ఒకరోజు ఇంజనీరు గారు ఫొటోలు చూస్తూ, "పలకంతా అంకెలే, ఏది నంబరో ఏది తేదీనో గందరగోళంగా ఉందమ్మా. నంబరొక్కటి చాలు," అన్నాడు. నోటితో చెప్పాడు, కాగితం మీద పెట్టలేదు. ఆమె తడిగుడ్డతో తేదీని తుడిచేసింది. మళ్లీ రాయలేదు.

బతికున్న చెట్టును కొట్టాలంటే పెద్ద తతంగం ఉంటుంది. నోటీసు, నెల రోజుల గడువు, బహిరంగ విచారణ, పై అనుమతి. ఎండిపోయిన చెట్టుకు ఇవేవీ అక్కర్లేదు. ప్రజలకు ప్రమాదం కాబట్టి ఏడు రోజుల నోటీసు చాలు. ఈ తేడా పలకమ్మకు తెలుసు. తన ఫొటోలకూ దానికీ లంకె ఉందని మాత్రం తట్టలేదు.

మిల్లు రోడ్డులో అరవై రెండు దిరిసెన చెట్లు ఉన్నాయి. దిరిసెన ఆకు రాల్చిందంటే పూర్తిగా రాలుస్తుంది. బూడిద రంగు కొమ్మలు, వాటి నిండా ఎండిన కాయలు, గాలి వీస్తే గలగలమని చప్పుడు. తెలియనివాళ్లు చూస్తే చచ్చి ఏళ్లయిందనుకుంటారు. కిందటేడు ఆ కాలంలో పలకమ్మ అరవై రెండింటికీ పలక కట్టి తీసింది. మళ్లీ వానల్లో, తన కోసం, అవే చెట్లను పచ్చగా ఉన్నప్పుడు, ఎర్ర నంబరు కూడా కనబడని వైపు నుంచి తీసింది. పుస్తకం అట్ట మీదకు ఎక్కింది వాటిలో ఒకటే.

ఇరవై మూడో నంబరు చెట్టు కింద సైకిల్ పంక్చర్లు వేసే పెద్దాయన ఉన్నాడు. రోడ్డంతా ఆయన్ని పంక్చరు బాబాయ్ అంటుంది. పుస్తకం వచ్చిన నెలకు, మళ్లీ ఆకులు రాలిన రోజుల్లో, పలకమ్మ ఆ దారిన నడిచి వెళ్తుంటే పిలిచాడు.

"అమ్మాయ్, ఇటు రా. నీకు చదువొచ్చుగా, ఇది చదువు."

మొదలుకు మేకు కొట్టి నోటీసు తగిలించి ఉంది. "పూర్తిగా ఎండిపోయి ప్రమాదకరంగా ఉన్న అరవై రెండు చెట్లను తొలగించుటకు నిర్ణయమైనది. అభ్యంతరములు ఏడు దినములలోగా."

"ఎండిపోవడమేంటి?" అంది పలకమ్మ.

"నన్నడుగుతావేం? ఫొటో తీసింది నువ్వు. ఏదో లెక్కల కోసమన్నావు. నిలబడటానికి నా స్టూలు కూడా వేశాను. చెట్టుకి చావు సర్టిఫికెట్టు రాస్తున్నావని తెలిస్తే స్టూలు లాగేసేవాణ్ణి కదా."

ఆమె నేరుగా ఆఫీసుకి వెళ్లి రికార్డు గదిలో గుమాస్తాను మిల్లు రోడ్డు ఫైలు అడిగింది. అరవై రెండు వరుసలు. ప్రతి వరుసలో "స్థితి: ఎండినది. ఆధారం: జతపరచిన ఛాయాచిత్రం." పక్కన ఆమె తీసిన నిలువెత్తు ఫొటో, వెనక ఒట్టి ఆకాశం, ఒక్క ఆకు లేని కొమ్మలు, పలక మీద నంబరు మాత్రమే.

"ఇంతకు ముందువి కూడా ఇలాగేనా?" అని అడిగింది.

గుమాస్తా ఆశ్చర్యపోయాడు. "మీకు తెలీదా? సర్క్యులర్ వచ్చినప్పట్నుంచీ అంతేగా. పదకొండు రోడ్లు. ఒక్కదానికీ విచారణ పెట్టాల్సిన అవసరం రాలేదు. మీరు తెలిసే తీస్తున్నారనుకున్నానండీ. ఇంత శుభ్రంగా చెట్టుని చంపే మనిషి ఇంకో ఆఫీసులో లేదని పై ఆఫీసులో చెప్పుకుంటారు."

ఆయన వెక్కిరించలేదు, మెచ్చుకున్నాడు. అదే ఆమెకు గుచ్చుకుంది. పదకొండు రోడ్లలో ప్రతి చెట్టునూ తాను ఏ చోట నిలబడి తీసిందో ఆమెకు గుర్తుంది. ఇప్పుడు ఆ చోట్ల నిలబడితే ఎదురుగా ఏమీ ఉండదు.

ఇంజనీరు గారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు. పద్నాలుగేళ్లలో అదే మొదటిసారి. టీ తెప్పించాడు.

"చూడండమ్మా, రోడ్డు పెద్దదైతే ముందు బాగుపడేది మీ ఆయన బస్సే."

"చెట్లు బతికున్నాయండీ."

"ఫొటోలో అలా లేవే."

"ఆకు రాలిన కాలమండీ అది."

"ఆ కాలంలో తీద్దామన్నది ఎవరు?"

ఆమె టీ కప్పు పక్కకు జరిపింది. "తేదీ ఉంటే తెలిసేది. మీరే వద్దన్నారు," అంది.

"నేనా? ఎక్కడైనా కాగితం మీద ఉందా?" ఆయన గొంతులో కోపం లేదు. "మీ కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది కదా. నేను మంచిగా రాసి పంపిద్దామనుకుంటున్నాను. టీ చల్లారిపోతోంది."

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు అభ్యంతర పత్రం రాయడం మొదలుపెట్టింది. వానల్లో తీసిన ఫొటోల కాపీలు పలకమ్మ దగ్గర ఒక పెన్‌డ్రైవులో ఉన్నాయి, నోటుబుక్కులో తేదీలున్నాయి. అరవై రెండు చెట్లు పచ్చగా ఉన్న అరవై రెండు ఫొటోలు చూపిస్తే చాలు కదా అనుకున్నారు.

"ఇది ఇస్తే ఉద్యోగం పోతుంది," అన్నాడు భర్త.

"పోతుంది."

"ఆలోచించి చెప్తున్నావా, కోపంలో చెప్తున్నావా?"

"ఆరేళ్లు కోపం రాకుండానే పనిచేశానండీ. ఏమైందో చూశారుగా."

"సరే అయితే. నా బస్సులో మాత్రం టికెట్ తీసుకునే ఎక్కాలి. ఉద్యోగం లేనివాళ్లకి పాసులివ్వరు." అని, కూతురి వైపు తిరిగి, "చెట్లు ఎండలేదని పెద్దక్షరాల్లో కొట్టమ్మా, వాళ్లకి చూపు ఆనదు," అన్నాడు.

అభ్యంతరం అందాక విచారణ పెట్టక తప్పలేదు, అది రోడ్ల శాఖ మేడ మీద గదిలో జరిగింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాను, బల్ల మీద మూత పెట్టిన నీళ్ల గ్లాసు. విచారణాధికారి పక్క జిల్లా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడిలా లేడు. పలకమ్మ బల్ల మీద పరిచిన ఫొటోలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. పంక్చరు బాబాయ్, మిల్లు రోడ్డు వాళ్లు ఇంకో పదిమంది వెనక నిలబడ్డారు. ఇంజనీరు గారు కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఇవి ఎప్పుడు తీసినవి?"

"కిందటేడు వానల్లోనండీ. తేదీలు ఇందులో ఉన్నాయి." నోటుబుక్కు ముందుకు జరిపింది.

అధికారి రోడ్ల శాఖ పుస్తకం అట్ట మీది బొమ్మతో ఒక ఫొటోను పోల్చి చూశాడు. ఆ పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది, వచ్చిన అతిథులందరికీ ఇస్తున్నారు. "ఇది ఇందులోదేగా. ఇవి ఇంజనీరు గారు తీసినవి కదా?"

"కాదండీ. నేనే తీశాను. అన్నీ."

ఇంజనీరు గారు బాధగా నిట్టూర్చాడు. "ఆ ఫొటోలు నేను ఏడెనిమిదేళ్ల కింద తీశానండీ. అప్పట్లో చెట్లు కళకళలాడేవి. ఇప్పుడిలా అయిపోయాయి. ఆవిడ మంచి మనిషి, కొంచెం మనసు పాడు చేసుకుంది."

"అబద్ధమండీ అది," అంది పలకమ్మ.

అధికారి కెమెరా రిజిస్టరు తెప్పించాడు. కిందటేడు వానల్లో ఆమె చెప్పిన తేదీలన్నిటికీ కెమెరా ఆఫీసు బయటే ఉంది. సంతకం ఇంజనీరు గారిది.

"మీ సంతకం ఒక్కటీ లేదేమ్మా?"

"మా సంతకం చెల్లదండీ."

"ఫొటోలో తేదీ వస్తుంది కదా కంప్యూటర్లో?"

"కెమెరా గడియారం పాడైందండీ."

"సరే. ఫొటోలో ఏదైనా ఆనవాలు ఉందా? కొత్త దుకాణమో, బోర్డో, ఈమధ్య కట్టిన బస్టాపో? కిందటేడుదని తెలిసేలా."

పలకమ్మ అరవై రెండు ఫొటోలనూ వెతికింది. ఆకాశం, చెట్టు. ఆకాశం, చెట్టు. మిల్లు రోడ్డులో రెండేళ్ల కింద కట్టిన బస్టాపుంది, దాన్ని తప్పించడానికి ఆమె మురిక్కాలవ గట్టు మీద పడుకుంది.

వెనక నుంచి పంక్చరు బాబాయ్ మెల్లగా అన్నాడు: "నా షెడ్డు కిందటేడే వేశాను అమ్మాయ్. నీలం రేకు. అది కూడా రాకుండా తీశావు కదా తల్లీ."

అధికారి నోటుబుక్కు మూసి ఆమెకు తిరిగిచ్చాడు. "పుస్తకం అచ్చయినప్పుడు మీరేమైనా అభ్యంతరం చెప్పారా? ఫొటోలు నావి, పేరు వేరేవాళ్లది వేశారని. ఒక కాగితం, ఒక ఫోను, ఎవరితోనైనా ఒక మాట?"

"లేదండీ."

"ఎందుకని?"

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది. కాంట్రాక్టు, పదకొండు నెలలు, బీరువా తాళం, "బాగున్నాయే" అన్న మాట. కానీ అవి ఒక వరుసలో నోట్లోంచి రాలేదు.

ఆ మధ్యాహ్నమే అధికారి మిల్లు రోడ్డుకి వెళ్లి చూశాడు. రెండు వైపులా బూడిద రంగు కొమ్మలు, ఎండిన కాయల గలగల. పంక్చరు బాబాయ్ స్క్రూడ్రైవరుతో బెరడు గీకాడు. లోపల పచ్చగా, తడిగా కనిపించింది. "చూడండి సారూ, చచ్చినదానికి ఈ తడి ఎక్కడిది?" అధికారి వేలితో ముట్టుకుని చూశాడు కూడా. పైన పచ్చిగా ఉన్నా లోపల ఏముందో చెప్పలేమనీ, తాను రికార్డును బట్టి పోవాలనీ అన్నాడు.

"నలభై రోజులు ఆగండి," అంది పలకమ్మ. "నలభై రోజుల్లో చిగురేస్తాయి. వేయకపోతే గొడ్డలి నేనే తెచ్చిస్తాను."

నలభై రోజులు ఆగడం తన చేతుల్లో లేదన్నాడు ఆయన. అది నిజమే అయ్యుండొచ్చు.

తొమ్మిది రోజుల్లో యాభై ఏడు చెట్లు కొట్టేశారు. ఇరవై మూడో నంబరు మొదటి రోజే పోయింది. అయిదు మిగిలాయి. ఎవరి దయా కాదు, అవి కరెంటు తీగల కింద ఉన్నాయి, లైను ఆపడానికి కరెంటు వాళ్ల అనుమతి ఆలస్యమైంది. ఆ నెలాఖరుకి పలకమ్మకు కొత్త కాగితం రాలేదు. భర్త బస్సు ఇప్పుడు మిల్లు రోడ్డులో ఏ నీడా లేకుండా పోతుంది, మధ్యాహ్నం స్టీరింగు పట్టుకుంటే అరచేయి కాలుతుంది. రోడ్డు మాత్రం ఇంకా వెడల్పు కాలేదు.

విచారణ జరిగిన ముప్పై ఎనిమిదో రోజున ఆ అయిదూ చిగురేశాయి. వారం తిరగకుండా ఒక వాన పడింది. కొట్టిన దుంగలను ఊరి చివర కలప యార్డులో పేర్చారని విని పలకమ్మ అక్కడికి వెళ్లింది. ఎర్ర నంబర్లు వేసిన దుంగలు, రికార్డు ప్రకారం ఏడాది కిందటే చచ్చినవి, ఒళ్లంతా లేత ఆకులు వేసుకుని పడి ఉన్నాయి. వేళ్లు లేవన్న సంగతి వాటికింకా తెలియలేదు. కూతురు కొనిపెట్టిన సెకండ్‌హ్యాండ్ కెమెరాతో తీసింది. ఈసారి యార్డు గోడ వచ్చింది, కాపలా మనిషి వచ్చాడు, పక్కనున్న లారీ నంబరు వచ్చింది. పలక మీద చెట్టు నంబరు, తేదీ, కింద తన పూర్తి పేరు రాసింది. ఆ ఫొటోలను విచారణాధికారికి పంపింది. అందినట్టు రసీదు వచ్చింది. అంతే వచ్చింది.

ఇప్పుడు ఆమె ఒక చిన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తోంది. గడ్డం పైకెత్తండి, రెప్ప వేయకండి. యజమాని మంచివాడే. పంక్చరు బాబాయ్ మిగిలిన అయిదు చెట్లలో ఒకదాని కిందకు మారాడు. "ఈసారి నా షెడ్డు రావాలి, నేను రావాలి, నా గాలిపంపు కూడా రావాలి," అని ముందే షరతు పెట్టాడు. ఆమె అలాగే తీసింది. కానీ యాభై ఏడు చెట్లకు అది పనికి రాదు, అంతకు ముందు పదకొండు రోడ్లకూ పనికి రాదు. ఎవరైనా ఓదార్చబోతే వినదు. "నాకు తెలీదు అనడం తేలిక. తెలుసుకోలేదు అన్నది నిజం," అంటుంది. ఆమె తనను తాను క్షమించుకోలేదు. ఇంజనీరు గారు పదోన్నతి మీద పెద్ద ఆఫీసుకి వెళ్లాడు. సర్క్యులర్ ఇంకా అమల్లోనే ఉంది.

చదువుతున్న మీకు ఒక పని. ఆస్పత్రి రోడ్డులో నూట పద్దెనిమిది చెట్లకు పోయిన వారం ఎర్ర నంబర్లు వేశారు. ఇంకో రెండు నెలల్లో ఆకు రాలుతుంది, అప్పుడు కొత్త ఫొటోగ్రాఫరు పలక పట్టుకుని వస్తాడు. ఆలోపే మీరు వెళ్లండి. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో చెట్టు తీసుకోండి. చెట్టు పక్కన మనిషి నిలబడాలి, చేతిలో ఆ రోజు పేపరు తేదీ కనబడేలా పట్టుకోవాలి, వెనక దుకాణం బోర్డు రావాలి. ఫోనుతో తీసినా చాలు, అందంగా రానక్కర్లేదు. తీసినవాళ్లు పేరు రాయండి, నిలబడినవాళ్లు పేరు రాయండి, పొరుగువాళ్ల చేత సాక్షి సంతకం చేయించండి. దానితో పాటు రెండు వాక్యాల అర్జీ పెట్టండి: ఆకులున్న కాలంలో ఒకసారి, రాలిన కాలంలో ఒకసారి, తేదీతో తీసిన ఫొటోలు లేకుండా ఏ చెట్టునూ ఎండినదిగా రాయకూడదని, ఫొటో తీసినవారి సంతకం ఫైలులో ఉండాలని. కాంట్రాక్టు మనిషి సంతకం కూడా సంతకమే అని కింద రాయండి. రోడ్ల శాఖ ఆఫీసులో అర్జీలు తీసుకునే కిటికీ పదిన్నరకు తెరుస్తారు, ఒంటిగంటకు మూసేస్తారు. కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా అక్కణ్ణుంచి కదలకండి.